అడగని అద్దె దక్కుతుందా?

ప్రశ్న: మోనోపలీలో మా తమ్ముడు నా స్థలంలో ఆగాడు. నేను గమనించలేదు. తర్వాతి మనిషి పాచికలు వేసేశాక అడిగితే ఇవ్వనన్నాడు. పైగా నేను జైల్లో ఉన్నాను కాబట్టి అద్దె రాదంటాడు. ఎవరిది న్యాయం?

జవాబు: జైలు సంగతిలో న్యాయం మీదే. జైల్లో ఉన్నా అద్దె వసూలు చేసుకోవచ్చు. అయితే అడిగే బాధ్యత పూర్తిగా యజమానిది. ఆగినవాళ్లు తమంతట తాము చెప్పనక్కర్లేదు. గడువు దగ్గరే అసలు తకరారు. పాత నియమాల్లో, ఆ తర్వాత రెండో ఆటగాడు పాచికలు వేసేలోపు అడగాలి. కొత్తవాటిలో తర్వాతి ఆటగాడు వేసేలోపే. మీ పెట్టెలోని నియమాల కాగితం ఏం చెబితే అదే తీర్పు. చిన్నపిల్లలు ఆడుతుంటే మాత్రం అద్దె గుర్తుచేయడమే మంచిదని నా అభిప్రాయం.

తాకట్టులో ఉన్న స్థలానికి అద్దె రాదు. కానీ ఒకే రంగు స్థలాలన్నీ మీవైతే, వాటిలో ఒకటి తాకట్టులో ఉన్నా, ఇళ్లు లేని మిగతావాటికి రెట్టింపు అద్దె వస్తుంది. చాలామంది ఇది తెలియక నష్టపోతారు.

ఇంకొకటి, మూడో ఇంటిని తేలిగ్గా తీసుకోకండి. అమెరికా ఆటలో న్యూయార్క్ అవెన్యూకు ఖాళీ స్థలం అద్దె 16 డాలర్లు. రెండిళ్లుంటే 220. మూడోది కట్టగానే 600! హోటల్‌కు 1,000. అందుకే చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఒక రంగులోని స్థలాలన్నిటికీ మూడేసి ఇళ్లు కట్టి ఆగండి.