నిరాయుధుని మరణమునకు బాధ్యులెవరు?

పోరాడునవి రెండు పక్షములు. నష్టపోవువాడు తరచుగా మూడవవాడు. ఆయుధము పట్టని రైతు, పశువులను కాయు బాలుడు, నీటికి పోవు స్త్రీ మరణించినపుడు ఉభయపక్షములును ఒకే సమాధానము చెప్పును: “ఎదుటివారి వలననే యిట్లు జరిగినది.” ఈ సమాధానము ధర్మమునకు నిలుచునా యని విచారింతము.

ఉదాహరణము మనకు దూరముగా లేదు. పాల్వంచనుండి భద్రాచలము దాటి చర్లవైపు సాగిన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వచ్చును. అచటి దంతెవాడ ప్రాంతమున 2005 జూన్‌లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం మొదలయ్యెను. ప్రభుత్వము దానికి అండగా నిలిచెను. అనేక గ్రామములు ఖాళీ అయ్యెను. జనులను రహదారుల ప్రక్కన శిబిరములకు చేర్చిరి. శిబిరమునకు పోనివాడు ఒక పక్షమునకు శత్రువు; పోయినవాడు రెండవ పక్షమునకు శత్రువు.

2006 జూలైలో మావోయిస్టులు ఎర్రబోరు శిబిరముపై దాడి చేయగా 30 మందికి పైగా మరణించిరి. వారిలో పిల్లలును కలరు. 2012 జూన్‌లో సార్కేగూడలో భద్రతాదళముల కాల్పులకు 17 మంది బలియైరి. వారు మావోయిస్టులనుటకు సాక్ష్యము లేదని న్యాయవిచారణ సంఘము తేల్చినట్లు 2019లో వెల్లడియైనది. వేలాది జనులు ప్రాణభయముతో సరిహద్దు దాటి మన అడవులలో గుడిసెలు వేసికొనిరి. వారినే మనము గుత్తికోయలందుము.

ఇక వాదములను పరిశీలింతము.

మొదటి వాదము: “ముందు వారు చేసిరి.” ఎర్రబోరు బిడ్డ సార్కేగూడ రైతుకు అపకారము చేయలేదు, ఆ రైతు ఈ బిడ్డకు చేయలేదు. ఒకని దోషమునకు వేరొకనిని దండించుట ప్రతీకారము కూడ కాదు. అది రెండవ దోషము.

రెండవ వాదము: “ఆజ్ఞ పాలించితిమి.” తన పూజను పరులచేత చేయింపరాదని బసవేశ్వరుడు బోధించెను. పుణ్యము బదిలీ కానపుడు పాపము మాత్రము ఎట్లు బదిలీ యగును? అయితే తుపాకి పట్టినవానితో లెక్క ముగియదు. అయిదవ తరగతి చదివిన గిరిజన యువకులకు నెలకు 3,000 రూపాయలిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమునందు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ గారలు ఉండిరి. ఆయుధము నిచ్చినవానికిని భాగము కలదని మనము గ్రహింపవలెను.

మూడవ వాదము: “చంపవలెనని చంపలేదు.” చీకటిలో జనసమూహముపై కాల్చినచో ఎవరు పడుదురో ఊహింపలేమా? రహదారిలో మందుపాతర పాతినవాడు బస్సు రాదని ఎట్లు చెప్పగలడు? ఊహింపదగిన కీడును ఊహింపకుండుటయే అపరాధము. దేశములోపలి సాయుధ సంఘర్షణయందైనను పోరులో పాల్గొననివారిని చంపరాదని 1949 జెనీవా ఒడంబడికల ఉమ్మడి మూడవ అధికరణము శాసించుచున్నది.

నాలుగవ వాదము మనది: “మేము దూరముగా ఉంటిమి, మాకేమి సంబంధము?” 2022 నవంబరులో మన జిల్లాలోనే చండ్రుగొండ మండలము బెండాలపాడు అడవిలో ఒక అటవీ అధికారి హత్యకు గురియయ్యెను. నిందితులు ఇద్దరు గుత్తికోయలు. విధి నిర్వహణలో ప్రాణము కోల్పోయిన ఆయన కుటుంబ దుఃఖము మాటలకందనిది. హంతకులకు శిక్ష న్యాయమే. కాని ఆ వెంటనే గుత్తికోయలందరిని ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయవలెనని గ్రామసభ తీర్మానించెను. ఇద్దరి నేరము వారి స్త్రీలపైనను, పసివారిపైనను పడెను.

వారిని సొంత ఊళ్ళనుండి వెళ్ళగొట్టిన లెక్కయు ఇదియే కదా! “ఆ ఊరివారందరు అట్టివారే” అను తలంపు ముందు పుట్టును. తుపాకి తరువాత వచ్చును. ఆ తలంపును ఇంటిలో పలికినపుడు మనమును అందులో భాగస్వాములమగుచున్నాము.

కావున మన పిల్లలు “వాళ్ళందరు అంతే” అన్నపుడు ఊరకుండరాదు. “ఎవరు? అతడేమి చేసెను? తక్కినవారేమి చేసిరి?” అని మూడు ప్రశ్నలు అడుగవలెను. నేరము చేసినవానిని పేరుపెట్టి నిలదీయుట న్యాయము. పేరు లేకుండ జాతినంతటిని నిందించుట నిరాయుధుని మరణమునకు తొలిమెట్టు. ఆ మెట్టు వద్దనే ఆపగలిగినది మన చేతిలోని పని.