ఇరువురికిని తెలిసినవారెవరు?



బళ్ళారిలో రైలెక్కి, ఎదురుగా కూర్చున్న వారిని మనము మొదట అడుగునది "మీదే ఊరు?" అనియే. వారు ఆదోని అన్నచో, అచ్చట మనకు తెలిసిన వర్తకునో ఉపాధ్యాయునో పేర్కొందుము. గుంతకల్లు చేరులోపుగా ఇరువురికిని తెలిసినవారు ఒకరు దొరకుదురు. అంతటితో కొత్తదనము పోవును.

1953 అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. అంతవరకు ఈ జిల్లాలోనివే యైన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరినవి. ఎల్ల మారినను చుట్టరికములు తెగలేదు. ఉరుకుంద ఈరన్న జాతరకు నేటికిని ఇరువైపులవారును పోవుచున్నారు.

ఈ విషయమును గూర్చి ఇతర దేశములవారును యోచించిరి. భూమిపై నున్న ఎవరినైనను ఐదుగురు పరిచితుల ద్వారా చేరవచ్చునని హంగరీ రచయిత కరింతి 1929లో ఒక కథలో ఊహించెను. అమెరికాలో మిల్గ్రమ్ అను శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించెను. బోస్టనులో పనిచేయు ఒకానొకనికి, తెలిసినవారి చేతులమీదుగా పత్రము చేర్పుడని 296 మందిని కోరగా, 64 చేరినవి. వాటికి మధ్యవర్తులు సగటున ఐదుగురు. ఈ ఫలితము 1969లో ప్రకటితమైనది. తక్కినవి నడుమనే ఆగెను. ఒక్కరు ముందునకు పంపకున్నను గొలుసు తెగును గదా!

దీనిని మేము తరగతిలో ఆటగా మార్చితిమి. మొదటిసారి మేమొక తప్పు చేసితిమి. "మీ ఇంటిపేరేమి?" అనునది తొలి ప్రశ్నగా నుంచితిమి. కొత్తగా చేరిన బాలుడొకడు తలవంచుకొని, తరువాత ఏ ప్రశ్నకును బదులీయలేదు. ఇంటిపేరు అడుగుట పెక్కుమారులు కులము నడుగుటయే యని ఆ బాలుని మౌనము మాకు తెలిపెను. ఆ ప్రశ్నను తీసివేసితిమి. ఇప్పటి నియమములివి:

1. ఎనమండుగురు వలయముగా కూర్చుండవలెను. వీరిలో 28 జంటలు కలవు.

2. ఇంటిపేరు, కులము, ఆస్తి అడుగరాదు. ఊరు, పూర్వపు బడి, సంత, జాతర, ప్రయాణపు దారి వరుసగా అడుగవలెను.

3. జవాబు కలిసినవారు ఒకరి నొకరు "అచ్చట మీకు తెలిసినవారెవరు?" అని అడుగవలెను. తెలుగైనను కన్నడమైనను సరియే.

4. పేరు కలిసినంత మాత్రమున తొందరపడరాదు. మన సీమలో ఈరన్నలు, తిమ్మప్పలు ఎందరో! ఇరువురును ఒకరికొకరు చూపక, ఆ వ్యక్తి చేయు పని, ఉండు చోటు పలకపై వ్రాయవలెను. రెండును సరిపోయిననే గొలుసు కలిసినట్లు.

5. ఆ వ్యక్తిని గూర్చి నిందగాని, ఇంటి గుట్టుగాని పలుకరాదు.

మరునాడు ఈ విధముగా ఆడించితిమి. మౌనముగా నున్న ఆ బాలుడును, వేరొక గ్రామపు బాలికయు ఒక్క పేరే చెప్పిరి. పలకలు త్రిప్పి చూడగా రెండింటను "సిరుగుప్ప బస్సు కండక్టరు" అని యుండెను. తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడును నవ్వెను.

తల్లిదండ్రులారా! పాఠశాల సభకు వచ్చినపుడు మీరును ప్రక్కవారితో ఈ ఆట ఆడి చూడుడు. ప్రశ్న ఒకటే గాని, అడుగు తీరు రెండు విధములు: ఎదుటివారిని తూచుటకు అడుగవచ్చును, కలుపుకొనుటకు అడుగవచ్చును. మన పిల్లలు రెండవదానిని నేర్తురు గాక!