మీ థీసిస్ వెనుక ఉన్న తత్వవేత్త ఎవరు?

మన దేశంలో పీహెచ్‌డీలో చేరినవారు, సబ్జెక్టు ఏదైనా సరే, 'రిసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్' అనే రెండు క్రెడిట్ల కోర్సు పూర్తి చేయాలి. యూజీసీ 2019లో దీన్ని తప్పనిసరి చేసింది. 30 గంటల ఆ కోర్సు మొదలయ్యేదే ఫిలాసఫీతో. మట్టి నమూనాలు పరీక్షించే అగ్రికల్చర్ స్కాలర్, చిప్ డిజైన్ చేసే ఎలక్ట్రానిక్స్ స్కాలర్, శాసనాలు చదివే చరిత్ర స్కాలర్ ముగ్గురికీ అదే పాఠం. చాలామంది దాన్ని హాజరు కోసమే వింటారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. గైడ్ నేర్పించలేని విషయాలు కొన్ని అక్కడే మొదలవుతాయి.

ఇంటర్వ్యూ బోర్డు అడిగే ప్రశ్నలు గుర్తు చేసుకోండి. ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నారు? మీరు కొలుస్తున్నది కొలవాల్సిన విషయమేనా? ఏ ఆధారం దొరికితే మీ అభిప్రాయం తప్పని ఒప్పుకుంటారు? ఏ సబ్జెక్టు బోర్డు అడిగినా ఇవన్నీ తత్వవేత్తలు లేవనెత్తిన ప్రశ్నలే. జేఆర్‌ఎఫ్ లేకుండా నెట్ స్కోరుతో పీహెచ్‌డీ సీటు కోరేవారికి, యూజీసీ 2024లో తెచ్చిన మార్పు ప్రకారం, నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ 30 శాతంలో సరైన మాట మాట్లాడగలగాలంటే మీ సబ్జెక్టు కింద ఏ ఆలోచన పునాదిగా ఉందో తెలిసి ఉండాలి.

తన సిద్ధాంతాన్ని తానే పడగొట్టిన శాస్త్రవేత్త

తత్వవేత్త కార్ల్ పాపర్ వియన్నాలో పుట్టారు. నాజీల ముప్పు ముంచుకొస్తున్న రోజుల్లో, 1937లో, న్యూజిలాండ్ వెళ్లి క్రైస్ట్‌చర్చ్‌లో పాఠాలు చెప్పారు. అదే దేశంలోని డునెడిన్‌లో తర్వాత కొన్నేళ్లకు జాన్ ఎకిల్స్ అనే నాడీ శాస్త్రవేత్త పనిలో చేరారు. ఒక నాడీకణం నుంచి మరో నాడీకణానికి సంకేతం విద్యుత్తు రూపంలోనే దాటుతుందని ఎకిల్స్ గట్టి నమ్మకం. కాదు, రసాయనాల ద్వారా దాటుతుందని ఎదుటి వర్గం వాదన. ఆధారాలు ఒక్కొక్కటే ఆ వర్గం వైపు మొగ్గుతుంటే ఎకిల్స్ దిగాలు పడ్డారు. 1940ల మధ్యలో పాపర్ పరిచయమయ్యారు. సిద్ధాంతం తప్పని తేలడం శాస్త్రవేత్తకు అవమానం కాదని పాపర్ ఆయనకు నచ్చజెప్పారు. నీ మాటను తప్పని తేల్చడానికి వీలుండేంత పదునుగా చెప్పు, తర్వాత దానికి అన్నిటికంటే కఠినమైన పరీక్ష నువ్వే పెట్టు అన్నది ఆయన సలహా సారాంశం.

ఎకిల్స్ అక్షరాలా అదే చేశారు. 1951లో ఆయన బృందం సన్నని గాజు ఎలక్ట్రోడ్లను వెన్నుపాములోని నాడీకణాల్లోకి దించి కొలతలు తీసుకుంది. వచ్చిన ఫలితం ఆయన విద్యుత్ సిద్ధాంతాన్నే కొట్టేసింది. ఆయన దాన్ని దాచలేదు, సాగదీయలేదు. ఓటమి ఒప్పుకుని రసాయన సిద్ధాంతం వైపు వచ్చి, అదే దారిలో ముందుకెళ్లారు. 1963లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఆయన ఒకరు.

ఇందులో మీరు రేపే వాడుకోగల విషయం ఒకటుంది. మీ రిసెర్చ్ ప్రపోజల్‌లో పరికల్పన రాసిన చోటే, ఫలితం ఇలా వస్తే నా పరికల్పన చెల్లదు అని ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే పరికల్పన ఇంకా తయారు కాలేదని అర్థం. ఏ ఫలితం వచ్చినా నెగ్గేలా రాసుకున్న ప్రపోజల్‌ను అనుభవమున్న పరీక్షకులు మొదటి పేజీలోనే పసిగడతారు.

అయితే పాపర్ చెప్పిందే ఆఖరి మాట కాదు. శాస్త్రవేత్తలు ఒక్క వ్యతిరేక ఫలితం రాగానే సిద్ధాంతాన్ని వదిలేయరని, ఒక 'పారడైమ్' (ఆ రంగమంతా ఒప్పుకున్న ఆలోచనా చట్రం) లోపలే ఏళ్ల తరబడి పనిచేస్తారని శాస్త్ర చరిత్రకారుడు థామస్ కూన్ 1962 నాటి పుస్తకంలో వాదించారు. శాస్త్రాల చరిత్ర గురించి రాసిన ఆ పుస్తకాన్ని ఇవాళ సోషియాలజీ నుంచి మేనేజ్‌మెంట్ దాకా అన్ని చోట్లా ఉదహరిస్తున్నారు. 'పారడైమ్' అన్న మాటను కూన్ 21 రకాల అర్థాల్లో వాడారని లెక్కగట్టి చూపిన మహిళ ఒకరున్నారు. ఆవిడ మార్గరెట్ మాస్టర్‌మన్. ఇంజినీరింగ్ విద్యార్థులు ఆమె కథ తెలుసుకోవాలి.

విట్‌గెన్‌స్టైన్ తరగతి నుంచి సెర్చ్ ఇంజిన్ దాకా

1930ల్లో కేంబ్రిడ్జ్‌లో తత్వవేత్త లుడ్‌విగ్ విట్‌గెన్‌స్టైన్ దగ్గర చదువుకున్న కొద్దిమందిలో మాస్టర్‌మన్ ఒకరు. ఒక మాటకు అర్థం నిఘంటువులో కాదు, మనుషులు దాన్ని వాడే తీరులో ఉందన్నది ఆయన చివరి దశ ఆలోచనకు కేంద్రం. మాస్టర్‌మన్ 1950ల్లో కేంబ్రిడ్జ్ లాంగ్వేజ్ రిసెర్చ్ యూనిట్‌ను స్థాపించి, యంత్రంతో అనువాదం చేయించే ప్రయత్నాలు మొదలుపెట్టారు. కంప్యూటర్లు ఇంకా గది నిండా ఉండే కాలమది. ఆ యూనిట్‌లో చేరిన యువతి కరెన్ స్పార్క్ జోన్స్. ఆమె డిగ్రీలో చదివింది చరిత్ర, ఆపై ఒక ఏడాది ఫిలాసఫీ.

1972లో స్పార్క్ జోన్స్ ఒక పేపర్ ప్రచురించారు. అన్ని పత్రాల్లోనూ కనిపించే మాట వెతకడానికి పనికిరాదు, కొద్ది పత్రాల్లోనే కనిపించే మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలి అన్నది దాని సారం. లక్ష తెలుగు వార్తల్లో 'అయితే' ఎక్కడైనా దొరుకుతుంది. 'బొప్పాయి' ఉన్న వార్తలు కొన్నే. కాబట్టి రైతు ఏం వెతుకుతున్నాడో చెప్పేది బొప్పాయే. డేటా సైన్స్ విద్యార్థులు టీఎఫ్-ఐడీఎఫ్ పేరుతో రాసే కోడ్‌లో ఐడీఎఫ్ భాగం ఇదే. సెర్చ్ ఇంజిన్ల పునాదుల్లో ఇదొకటి. ఆ సూత్రాన్ని విట్‌గెన్‌స్టైన్ చెప్పాడని నేను అనడం లేదు. మాట అర్థాన్ని వాడుకలో వెతకాలన్న వాతావరణంలో పనిచేసిన మనిషికి అలాంటి ప్రశ్న తట్టడం సహజం అంటున్నాను.

ఫిలాసఫీ నుంచి ఇంజినీరింగ్‌కు అంతకు ముందే దారి వేసినవారిలో క్లాడ్ షానన్ ఉన్నారు. మిషిగన్ యూనివర్సిటీలో ఫిలాసఫీ క్లాసులో నేర్చుకున్న జార్జ్ బూల్ తర్కాన్ని 1937లో ఎంఐటీ మాస్టర్స్ థీసిస్‌లో రిలే స్విచ్‌లకు అన్వయించారు. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పేపర్‌లో మీరు గీసే ట్రూత్ టేబుళ్లు ఆ దారిలోనివే. నర్సింగ్‌లో సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. హైడెగర్, మెర్లో-పాంటీ అనే తత్వవేత్తలను చదివి కృత్రిమ మేధకున్న పరిమితులపై పుస్తకం రాసిన తత్వవేత్త హ్యూబర్ట్ డ్రైఫస్. ఆయన, సోదరుడు స్టువర్ట్ కలిసి 1980లో నైపుణ్యం ఐదు దశల్లో ఎదుగుతుందని వివరించారు. పాట్రీషియా బెన్నర్ దాన్ని ఆసుపత్రి వార్డులకు తీసుకెళ్లి 1984లో పుస్తకంగా తెచ్చారు. ఎంఎస్సీ నర్సింగ్ విద్యార్థులు 'బెన్నర్ థియరీ' అని చదువుకునేది అదే.

ఏం కొలవాలి?

మానవాభివృద్ధి సూచిక ప్రస్తావన లేని ఆర్థికశాస్త్ర సిలబస్ దొరకడం ఇప్పుడు కష్టమే. 1990లో మొదటి మానవాభివృద్ధి నివేదిక వచ్చింది. దానికి ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ నాయకత్వం వహించారు, ఆలోచన మరో ఆర్థికవేత్త అమర్త్య సేన్‌ది. దాని వెనుక ఒక తాత్విక చర్చ ఉంది. 1971లో తత్వవేత్త జాన్ రాల్స్ న్యాయం గురించి రాస్తూ హక్కులు, అవకాశాలు, ఆదాయం ఎలా పంచాలో చర్చించారు. సేన్ 1979లో స్టాన్‌ఫర్డ్ ఉపన్యాసంలో ఎదురు ప్రశ్న వేశారు: సమానత్వం అంటున్నారు సరే, దేనిలో సమానత్వం? నడవగల మనిషికీ నడవలేని మనిషికీ ఒకే ఆదాయం ఇస్తే ఇద్దరి జీవితాలు సమానమవుతాయా?

బాలికలకు సైకిళ్లిచ్చే పథకం మీద ఎంఏ డిసర్టేషన్ రాస్తున్నారనుకోండి. ఎన్ని సైకిళ్లు పంచారన్నది ఒక లెక్క. ఆ సైకిల్ మీద అమ్మాయి పక్క ఊరి హైస్కూల్‌కు నిజంగా వెళ్లగలుగుతోందా, ఇంట్లో వెళ్లనిస్తున్నారా, దారిలో భయం లేదా అన్నవి వేరే లెక్కలు. సేన్‌ను చదివిన విద్యార్థి ప్రశ్నావళే వేరుగా ఉంటుంది. తత్వం నుంచి సామాజిక శాస్త్రానికి దారి మన దగ్గరా ఉంది: డాక్టర్ అంబేడ్కర్ కొలంబియాలో తత్వవేత్త జాన్ డ్యూయీ దగ్గర చదివి, 1936 నాటి 'కుల నిర్మూలన'లో ఆ గురువుకు ఎంతో రుణపడి ఉన్నానని చెప్పుకున్నారు. సామాజిక శాస్త్రాల్లోకి రావాలనుకునేవారు అంబేడ్కర్, డ్యూయీ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవడం మంచి మొదలు.

పేరు అతికించడం వేరు, వాడటం వేరు

తత్వవేత్త మిషెల్ ఫూకో పేరు కనిపించని సోషల్ సైన్స్ విభాగం అరుదు. మొదటి అధ్యాయంలో రెండు పేజీలు ఫూకో, తర్వాత రెండు వందల పేజీల్లో ఆయన జాడే ఉండదు. ఇలాంటి థీసిస్ ఎవరికీ మేలు చేయదు.

నిజంగా వాడటం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలు అందరికీ తెలుసు. స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, మార్కులను బట్టి సెక్షన్లు, గోడ మీద ర్యాంకులు. విద్యార్థుల్లో ఒత్తిడి ఉందా అని సర్వే చేస్తే ఉందనే వస్తుంది. అది అందరికీ తెలిసిందే. ఫూకో 1975 నాటి పుస్తకంలో జైలు, బడి, సైనిక బ్యారక్, ఫ్యాక్టరీలను కలిపి చూశారు. ఎప్పుడూ ఎవరో చూస్తున్నారన్న స్పృహ మనిషిని తన మీద తనే కాపలా పెట్టుకునేలా చేస్తుందన్నారు. ఈ వెలుగులో ప్రశ్న మారుతుంది. ర్యాంకుల బోర్డు చూసే పిల్లవాడు తన గురించి తను ఎలా మాట్లాడుకుంటాడు? సెలవుల్లో ఇంటికి వెళ్లినా టైమ్‌టేబుల్ వేసుకుంటాడా? వార్డెన్ లేని రాత్రి ఏం చేస్తాడు? ఈ ప్రశ్నలకు ఇంటర్వ్యూలు, డైరీలు, కాలేజీ నిబంధనల పత్రాలు కావాలి. అంటే పరిశోధన పద్ధతి కూడా ఆలోచనలోంచే పుట్టింది.

ఇక్కడితో ఆగకండి. మనుషులు అంత తేలిగ్గా లొంగరని, రోజువారీ చిన్న చిన్న ఎత్తుగడలతో వ్యవస్థను తప్పించుకుంటారని మిషెల్ ద సెర్తో అనే ఆలోచనాపరుడు 1980లో రాశారు. హాస్టల్లో చదివిన ఎవరినడిగినా అలాంటి ఎత్తుగడలు పది చెబుతారు. మీరు నమ్ముకున్న తత్వవేత్తను ఖండించిన ఒకరినైనా చదివితే ఇంటర్వ్యూలో మీ మాటకు బలం వస్తుంది. బోర్డు అడిగే తర్వాతి ప్రశ్న దాదాపుగా అదే.

చదవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ ఆన్‌లైన్‌లో ఉచితం. స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల ఫిలాసఫీ కోర్సులున్నాయి. ఒకే ఒక్క ఆలోచనాపరుణ్ని ఎంచుకుని ముందు ఎన్‌సైక్లోపీడియా వ్యాసం, తర్వాత మూల గ్రంథంలో ఒక అధ్యాయం, ఆపై మీ సబ్జెక్టులో ఆ ఆలోచన వాడిన రెండు పేపర్లు చదవండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి మూల గ్రంథాల ఇంగ్లిష్ కొరకరాని కొయ్యలా అనిపించవచ్చు. ఆ వాదనను ముందు మీ సొంత తెలుగులో ఒక పేజీ రాయండి. తెలుగులో చెప్పలేకపోతున్న చోటే మీకు అర్థం కాలేదని తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో పెద్ద మాటల చాటున అది దాగిపోతుంది.

ఫిలాసఫీనే చదవాలనుకుంటే

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, ఆంధ్ర యూనివర్సిటీ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల్లో ఈ సబ్జెక్టు బోధన ఉంది. సెంట్రల్ యూనివర్సిటీ పీజీ సీట్లకు సీయూఈటీ రాయాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000. 2023 జనవరి నుంచి ఈ రేట్లు అమల్లోకి వచ్చాయి. ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ ఫిలసాఫికల్ రిసెర్చ్ ఫెలోషిప్‌లు విడిగా ఉంటాయి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్పాలి. అధ్యాపక పోస్టులు తక్కువ. చాలా డిగ్రీ కాలేజీల్లో ఫిలాసఫీ విభాగమే లేదు. కాబట్టి ఎంఏ ఫిలాసఫీతో పాటు గణాంకాలో, ప్రోగ్రామింగో, న్యాయశాస్త్రమో, పబ్లిక్ హెల్తో ఏదో ఒకటి చేతిలో ఉండాలి. సివిల్స్‌లో ఆప్షనల్‌గా 500 మార్కులు, 2013లో మొదలైన జనరల్ స్టడీస్ నాలుగో పేపర్ ఎథిక్స్‌కు 250 మార్కులు ఉన్నాయి. మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనలను అనుమతించే ఎథిక్స్ కమిటీల్లో సామాజిక శాస్త్రవేత్త లేదా తత్వవేత్త వంటి సభ్యుడు ఉండాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది పూర్తికాలపు ఉద్యోగం కాదు. కానీ మెడికల్ కాలేజీ ఉన్న ఊళ్లో పనిచేసే యువ అధ్యాపకుడికి డాక్టర్లతో కలిసి పనిచేసే దారి. దరఖాస్తు చేసే ముందు ఆ మార్గదర్శకాలను, బయోఎథిక్స్‌లో బోషాంప్, చిల్డ్రెస్ 1979లో ప్రతిపాదించిన నాలుగు సూత్రాలను చదివి వెళ్లండి.