ఇంట్లో కట్టిన విమానానికి జబ్బు చేస్తే

విమానం అనగానే మన హాస్టల్ పిల్లలకు గుర్తొచ్చేది పైలట్. వార్షికోత్సవం రోజున స్టేజీ మీద "పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడిగితే చిన్న తరగతుల వాళ్లలో ఇద్దరు ముగ్గురైనా ఆ మాటే చెబుతారు. విమానాన్ని బాగుచేసేవాణ్ణి అవుతానన్న మాట మాత్రం మేము ఇంతవరకు వినలేదు. మేము ఈ హాస్టల్‌లో చదివి, ఐటీఐ, డిప్లొమా దారుల్లో యంత్రాల పనిలోకి వెళ్లిన పాత విద్యార్థులం. సంచికకు పాఠంలాంటిది ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కూర్మన్నపాలెంలో ఉండి స్టీల్ ప్లాంటు గురించి ఎవరైనా రాస్తారు. కాబట్టి ఒకరిద్దరు మనుషులు ఎక్కే చిన్న విమానాన్ని, అదీ సొంత చేతులతో కట్టుకున్నదాన్ని, ఎలా కాపాడుకోవాలి, లోపం వస్తే ఎలా పట్టుకోవాలి అన్న విషయం ఎంచుకున్నాం. భయపడవద్దు, పదో తరగతి సైన్సు దాటి ఇందులో పెద్దగా ఏమీ లేదు.

అసలు మొదటి విమానమే ఇంట్లో కట్టిన విమానం. రైట్ సోదరులు సైకిల్ షాపు నడుపుకునేవారు. తగిన ఇంజిను బయట దొరక్కపోతే వారి షాపులో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్ ఆరు వారాల్లో ఒకటి తయారుచేసి ఇచ్చాడు. 1903 డిసెంబరు 17న అది ఎగిరింది. అంతకుముందు నెలలోనే ప్రొపెల్లర్ షాఫ్టు పగుళ్లిచ్చింది. పళ్లచక్రాలు షాఫ్టు మీద వదులైపోతే సైకిల్ టైర్లు అంటించే బంక పోసి బిగించారు. అంటే లోకంలో విమానం ఎగరడం కంటే ముందే విమానం రిపేరు పుట్టింది. చార్లీ టేలర్ పుట్టినరోజైన మే 24ను అమెరికాలో విమాన మెకానిక్కుల దినంగా జరుపుతారు.

మన దేశంలోనూ ఇలాంటి మనుషులున్నారు. ముంబయికి చెందిన పైలట్ అమోల్ యాదవ్ తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016లో ముంబయి మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని జనం చూశారు, 2017లో డీజీసీఏ రిజిస్ట్రేషన్ ఇచ్చింది. కేరళలోని తొడుపుళ ప్రాంతానికి చెందిన సజి థామస్‌కు మాట లేదు, వినికిడి లేదు, చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. పాత సామాన్లు పోగుచేసి ఆయన కట్టిన చిన్న విమానాన్ని 2014లో విశ్రాంత వైమానిక దళ అధికారి ఒకరు ఎగరేసి చూపించారు. ఏడో తరగతి అన్న మాట దగ్గర మన పిల్లలు ఒక్క నిమిషం ఆగి చదవాలని మా కోరిక.

ప్రభుత్వ సంస్థలు కూడా ఈ దారిలోనే నేర్చుకున్నాయి. బర్ట్ రూటాన్ అనే అమెరికన్ రూపొందించిన 'లాంగ్ ఈజీ' అనే విమానం ఉంది. ఇంట్లో కట్టుకునేవాళ్ల కోసం గీసిన డిజైను అది. బెంగళూరులోని ఎన్‌ఏఎల్ శాస్త్రవేత్తలు దాని ఆధారంగా ఒక చిన్న పరిశోధక విమానం కట్టి 1987లో ఎగరేశారు. గాజునారతో విమాన శరీరం చేసే విద్య అక్కడ చేతికొచ్చింది. తరువాత 1993లో వారి రెండు సీట్ల శిక్షణ విమానం 'హంస' ఎగిరింది. దాని కొత్త రూపం 2021లో ఎగిరింది.

అదే లాంగ్ ఈజీ మరొక పాఠం కూడా చెప్పింది. ప్రసిద్ధ అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ అలాంటి విమానాన్నే మరొకరి దగ్గర కొన్నాడు. ఆ డిజైనులో పెట్రోలు ట్యాంకులు మార్చే వాల్వు పైలట్ కాళ్ల మధ్య, చేతికి అందేటట్టు ఉండాలి. కట్టినాయన పెట్రోలు గొట్టాలు పైలట్ దగ్గరకు రాకూడదనే మంచి ఉద్దేశంతోనే దాన్ని ఎడమ భుజం వెనక్కి మార్చాడు. దాని మీద ఏ ట్యాంకు ఎటువైపో గుర్తులు కూడా లేవు. ఎగిరే ముందు చేయి అందడం లేదని పటకారు తగిలించి కూడా చూశారు. 1997 అక్టోబరు 12న ఆకాశంలో ట్యాంకు మార్చడానికి ఆయన వెనక్కి తిరిగినప్పుడు కుడికాలు రడ్డర్ పెడలును నొక్కేసి విమానం అదుపు తప్పిందని, అది సముద్రంలో కూలి ఆయన చనిపోయాడని విచారణలో తేల్చారు. ఇంజినుకు ఏ జబ్బూ లేదు. వాల్వు కూడా పనిచేసేదే. ఉండవలసిన చోట లేదు, అంతే. కాబట్టి మరొకరు కట్టిన విమానం చేతికొస్తే మొదటి పని ఇంజిను విప్పడం కాదు. డిజైను బొమ్మ ఎదురుగా పెట్టుకుని, కట్టినవాడు ఎక్కడెక్కడ సొంత తెలివి వాడాడో గుర్తుపెట్టడం.

ఇక ఇంజిను దగ్గరకు వద్దాం. ఇలాంటి విమానాల్లో ఎక్కువగా కనిపించేది ఆస్ట్రియా దేశపు రోటాక్స్ 912. నాలుగు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు, ప్రతి సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు. నిప్పురవ్వ ఇచ్చే ఇగ్నిషన్లు కూడా రెండు. ఒకటి చచ్చినా రెండోదానితో దిగవచ్చని ఆ ఏర్పాటు. ఎగిరే ముందు ఇంజినును సుమారు 4000 చుట్లకు పెంచి, ఒక్కొక్క ఇగ్నిషన్‌ను ఆపి చూస్తారు. ఒకటి ఆపగానే చుట్లు కొంచెం తగ్గాలి. 300కు మించి తగ్గకూడదు, రెండు వైపుల తగ్గుదలకూ మధ్య తేడా సుమారు 115 దాటకూడదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఎడమది ఆపితే 180 తగ్గింది, కుడిది ఆపితే అసలు తగ్గనే లేదు. ఏది బాగున్నట్టు? క్లాసులో అడిగితే చాలామంది కుడిదే బాగుందంటారు. నిజానికి అదే ప్రమాదం. ఈ ఇగ్నిషన్‌ను ఆపడమంటే దాని తీగను ఎర్తుకు కలపడం. చుట్లు తగ్గలేదంటే స్విచ్ వేసినా కుడి ఇగ్నిషన్ ఆగలేదన్నమాట. ఎక్కడో ఆ ఎర్తు తీగ తెగింది, లేదా స్విచ్ పోయింది. ఇంజిను ఆపి తాళం జేబులో వేసుకున్నాక కూడా ఆ ఇగ్నిషన్ బతికే ఉంటుంది. ఎవరైనా రెక్క పట్టుకుని తిప్పితే ఇంజిను రాజుకుని మనిషిని నరికేయగలదు. అందుకే ప్రొపెల్లర్ దగ్గర మసిలేవాళ్లు అది ఎప్పుడూ ప్రాణంతో ఉందనే అనుకుని మసలుతారు.

మరి తగ్గుదల 450 అయితే? ఆపిన వైపు కాదు, అప్పుడు నడుస్తున్న రెండో వైపు ప్లగ్గు, ప్లగ్గు క్యాప్, తీగ, ఇగ్నిషన్ పెట్టె, ఈ నాలుగింటిలో ఒకటి. నాలుగూ ఒకేసారి మార్చేస్తే ఇంజిను బాగుపడుతుంది గాని ఏది చెడిందో తెలియదు, డబ్బూ దండగ. అనుమానం ఉన్న ప్లగ్గును పక్క సిలిండర్‌కు మార్చి చూడాలి. లోపం ప్లగ్గుతోపాటు నడిచి వెళ్తే దోషి ప్లగ్గే. అక్కడే ఉండిపోతే వెనకనున్న క్యాప్, తీగల వైపు వెళ్లాలి. మీటర్లకూ ఇదే సూత్రం. ఒక సిలిండర్ వేడి ఎక్కువ చూపిస్తుంటే ముందు దాని సెన్సరును పక్కదానితో మార్చి, జబ్బు ఇంజినుదా థర్మామీటరుదా తేల్చుకోవాలి. గాజువాక ఆటోనగర్‌లో మంచి మేస్త్రీలు లారీకి చేసేది ఇదే. పుస్తకం చదవకుండానే చేస్తారు, అది వేరే మాట.

ఇంజిను తక్కువ చుట్ల దగ్గర గడగడ వణుకుతుంటే రెండు కార్బురేటర్ల పొత్తు చూడాలి. ఒక్కొక్కటి తన వైపున్న రెండు సిలిండర్లకు పెట్రోలు పోస్తుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ముందుకు లాగి మరొకటి వెనకబడితే నాగలి ఎలా పోతుందో, ఒకటి ఎక్కువ తెరుచుకుంటే ఇంజిను అలా పోతుంది. ఆ వణుకంతా చివరికి గేరుబాక్సు మీద పడుతుంది. రెండు వాక్యూమ్ గేజీలు తగిలించి, ముళ్లు రెండూ సమానంగా వచ్చేదాకా కేబుళ్లు సర్దాలి.

ఆయిల్ చూడటంలోనూ ఒక మెలిక ఉంది. ఈ ఇంజిను ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది, ఆపిన తరువాత కొంత ఇంజిను అడుగున మిగిలిపోతుంది. అలాగే పుల్ల ముంచితే తక్కువ చూపుతుంది. తక్కువుందని పోసేస్తే ఎక్కువైపోతుంది. ఇగ్నిషన్లు ఆపి, ప్రొపెల్లర్‌ను అది మామూలుగా తిరిగే వైపే చేత్తో మెల్లగా తిప్పుతూ ఉంటే ట్యాంకులో 'గుడగుడ' శబ్దం వస్తుంది. అప్పుడు చూసిన కొలతే కొలత. వెనక్కి తిప్పకూడదు, ఆయిల్ దారుల్లోకి గాలి చేరుతుంది.

ఇప్పుడు పెట్రోలు. ఈ విషయం కొంచెం నిదానంగా చదవండి. 2025 నాటికి మన దేశంలో బంకుల పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం వచ్చింది. కార్బురేటర్లున్న రోటాక్స్ 912కు 10 శాతం దాటకూడదని తయారీదారు సూచన. ఇథనాల్‌కు నీళ్లంటే మహా ప్రేమ. మన విశాఖ గాలిలో తేమకు కొదువ లేదు. ట్యాంకు మూత గుండా వచ్చిన తేమను అది పీల్చుకుంటుంది. ఎక్కువైతే ఒక చల్లని ఉదయం నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. ఇంజిను పీల్చేది అడుగునుంచే. పాత రబ్బరు గొట్టాలను, కొన్ని రకాల గాజునార ట్యాంకుల రెజిన్‌ను కూడా ఇథనాల్ మెత్తబరుస్తుంది. కరిగిన ఆ జిగురు పోయి కార్బురేటర్ సన్నని రంధ్రంలో కూర్చుంటుంది.

పెట్రోలులో ఇథనాల్ ఎంతుందో కనుక్కోవడం తేలిక. గీతలున్న పరీక్షనాళికలో 2 మిల్లీలీటర్ల నీళ్లు, 10 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత పెట్టి కుదిపి, కాసేపు నిలబెట్టాలి. పెట్రోలు పైన, నీళ్లు కింద విడిపోతాయి. నీటి పొర 2 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. దాదాపు 4కు పెరిగితే ఇథనాల్ రెండు మిల్లీలీటర్లు, అంటే 20 శాతం. ఈ ప్రయోగం సైన్సు సార్ పక్కన ఉన్నప్పుడే, స్పిరిట్ ల్యాంపులన్నీ ఆర్పించి, కిటికీలు తెరిచి చేయాలి. గదిలో దొంగతనంగా చేయాలనుకునేవాళ్లుంటే మానుకోండి.

ఫ్లయింగ్ క్లబ్బుల్లో వాడే నీలిరంగు విమాన పెట్రోలులో ఇథనాల్ ఉండదు, కాని సీసం ఉంటుంది. ఆ సీసం ప్లగ్గుల మీద, ఆయిల్‌లో మడ్డిగా పేరుతుంది. అదే ఎక్కువగా వాడేవారు ఆయిల్‌ను 100 గంటలకు బదులు 50 గంటలకే మారుస్తారు.

ఎండాకాలం ఇబ్బంది మరొకటి. హాస్టల్ నీళ్ల మోటారు తిరుగుతున్నా పైన ట్యాంకులోకి నీళ్లు రాని రోజులు అందరికీ తెలుసు. గొట్టంలో గాలి చేరితే మోటారు గాలినే తిప్పుతుంది. పొగగొట్టం పక్కనుంచి పోయే పెట్రోలు గొట్టం వేడెక్కితే పెట్రోలు లోపలే ఆవిరై బుడగ కడుతుంది, ఇంజిను దగ్గి ఆగుతుంది. చల్లారాక స్టార్టు చేస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది! 'చల్లారితే బాగుపడే జబ్బు' అని లాగ్‌బుక్కులో కనిపిస్తే ముందు గొట్టం దారి చూడాలి. వేడిని ఆపే తొడుగు వేసి, పొగగొట్టానికి దూరంగా జరపాలి. రబ్బరు గొట్టాలన్నిటినీ బాగున్నట్టు కనిపించినా అయిదేళ్లకు మార్చేయాలి.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది కార్బురేటర్‌లో మంచు. విశాఖలో మంచేమిటని నవ్వకండి. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? బయటికి ఊరిన నీరు ఆవిరవుతూ కుండ వేడిని లాక్కుంటుంది. కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు అక్కడి గాలి 20 డిగ్రీలకు పైగా చల్లబడగలదు. బయట 20 డిగ్రీలుండి గాలి తడిగా ఉంటే లోపల మంచు పట్టి దారి మూసుకుపోతుంది. పైలట్ చేయి కదపకుండానే చుట్లు మెల్లగా పడిపోతాయి. దిగి చూసేసరికి మంచు కరిగి సాక్ష్యం కూడా మిగలదు. వేడిగాలి మీట లాగితే ముందు ఇంజిను ఇంకా ఇబ్బంది పడి, కరిగిన నీళ్లు మింగి, తరువాత తేరుకుంటుంది. ఆ మొదటి ఇబ్బందికి బెదిరి మీట వెనక్కి తోసేయకూడదు.

శరీరం సంగతి. గంగవరం తీరం మనకు దగ్గర, ఉప్పుగాలి రోజూ వస్తుంది. అల్యూమినియంకు ఇనుములా ఎర్రని తుప్పు పట్టదు, తెల్లని పొడి పుడుతుంది, పెయింటు కింద పొక్కులు లేస్తాయి. స్టీలు బోల్టు, అల్యూమినియం రేకు, మధ్యలో ఉప్పుతడి. ఇది మీ పుస్తకంలోని విద్యుత్ ఘటమే. చర్యాశీలత ఎక్కువైన అల్యూమినియం తరుగుతుంది. అందుకే విమాన బోల్టులకు కాడ్మియం పూత ఉంటుంది, దుకాణంలో దొరికే మామూలు బోల్టు పెట్టరు. మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడం కంటే చవకైన మందు లేదు. కంట్రోలు కేబుళ్ల మీద నూలుగుడ్డ పట్టి చివరిదాకా లాగాలి. తెగిన పోగు ఉంటే గుడ్డను పట్టేసుకుంటుంది. బిగించిన ప్రతి నట్టు మీదా, బోల్టు మీదికి పోయేటట్టు ఒక ఎర్రగీత గీస్తారు. గీత విరిగిందంటే నట్టు కదిలిందని దూరం నుంచే తెలుస్తుంది.

బరువు గురించి ఒక్క లెక్క. 300 కిలోల విమానానికి తోక బాగుచేసి, రెండు కిలోల పుట్టీ, పెయింటు ఎక్కువ పూశారు. తోక గరిమనాభికి 3.5 మీటర్ల వెనక ఉంది. 2×3.5ను 302తో భాగిస్తే 0.023. అంటే గరిమనాభి 23 మిల్లీమీటర్లు వెనక్కి జరిగింది. అనుమతించిన హద్దు కొద్ది సెంటీమీటర్లే ఉండే చిన్న విమానంలో ఇది చిన్న సంగతి కాదు. ప్రతి మరమ్మతు తరువాత మళ్లీ తూచాలి.

చేసిన పనంతా లాగ్‌బుక్కులో రాయాలి. తేదీ, ఇంజిను నడిచిన గంటలు, కనిపించిన లక్షణం, విప్పినది, మార్చినది, సంతకం. 'ఇంజిను బాగాలేదు' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'వేడెక్కాక, 4000 దగ్గర, ఎడమది ఆపినప్పుడు 450 తగ్గింది' అని రాస్తే తరువాత వచ్చేవాడికి సగం పని అయిపోయినట్టే. బిగించినవాడు కాక మరొకరు వచ్చి చూడటం కూడా ఈ రంగంలో ఆచారం. ఇక డీజీసీఏ అనుమతి లేకుండా ఎంత చిన్న విమానమైనా ఎగరేయడం చట్టవిరుద్ధం.

ఈ పని బతుకుతెరువుగా కావాలంటే దారి ఉంది. ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లు డీజీసీఏ గుర్తించిన సంస్థలో శిక్షణ పొంది, దాని పరీక్షలు రాసి, నిర్ణీత అనుభవం చూపి విమాన నిర్వహణ ఇంజినీరు లైసెన్సు తీసుకోవచ్చు. పెద్ద విమానాల యంత్రభాగాలకు బీ1, ఎలక్ట్రానిక్స్‌కు బీ2, రెండు టన్నుల లోపు పిస్టన్ విమానాలకు బీ3 అని తరగతులున్నాయి. ఫీజులు లక్షల్లో ఉంటాయి. గుర్తింపు లేని చోట చేరి, ఇంట్లోవాళ్లు అమ్ముకున్న పొలం డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు మాకు తెలుసు. బ్రోచరులో విమానం బొమ్మ చూసి కాదు, డీజీసీఏ వెబ్‌సైట్‌లోని ఆమోదిత సంస్థల జాబితాలో పేరు, ఏ తరగతికి అనుమతి ఉంది, అది ఏ తేదీ వరకు చెల్లుతుంది అన్న మూడూ సరిచూసుకుని మొదటి రూపాయి కట్టండి. జాబితా ఇంగ్లిషులో ఉంటుంది. చదవడం కష్టమైతే సెలవుల్లో హాస్టల్‌కు వచ్చే పాత విద్యార్థుల్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.