స్వగ్రామమునకు తిరిగివచ్చిన ఉపాధ్యాయుడు

పాఠ్యభాగములు: మార్కు 5:1–20, నెహెమ్యా 2:11–18

గెరాసేనుల దేశములో స్వస్థత పొందిన మనుష్యుడు ప్రభువుతోకూడ దోనె యెక్కగోరెను. ఆ కోరిక మంచిదే. అయినను ప్రభువు అతనిని అతని ఇంటివారియొద్దకే పంపెను. ఎవరు అతని పూర్వస్థితిని ఎరుగుదురో, ఎవరు అతనిని చూచి భయపడియుండిరో, వారి మధ్యనే అతని సాక్ష్యము నిలువవలసి యుండెను. దూరదేశమునకు పంపబడుట గొప్ప పిలుపని మనము తరచు చెప్పుకొందుము. సొంత ఊరికి తిరిగి పంపబడుటయు పిలుపేయని ఈ భాగము బోధించుచున్నది. ఆ పిలుపునకు లోబడిన యొక ఉపాధ్యాయుని జీవితమును ఈ పాఠములో పరిశీలింతము.

అండమాను నికోబారు దీవులు తెలుగువారికి కొత్తవి కావు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఓడలెక్కి వెళ్లిన కుటుంబములు అనేకము అక్కడ స్థిరపడెను. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులవారిలో నూటికి సుమారు పదముగ్గురు తెలుగు తమ మాతృభాషయని చెప్పిరి. ముఖ్యపట్టణమైన పోర్టు బ్లేయరునకు 2024లో శ్రీ విజయపురమను పేరు పెట్టబడినది. ఆ పట్టణమునకు దక్షిణముగా సుమారు 270 కిలోమీటర్ల దూరమున కార్ నికోబారు అను చిన్న, చదునైన ద్వీపమున్నది. అక్కడి ప్రజలు ‘తుహెత్’ అను ఉమ్మడి కుటుంబములుగా జీవించుదురు. కొబ్బరితోటలును భూమియు ఆ ఉమ్మడి కుటుంబమునకే చెందును. ద్వీపపు ఉత్తరభాగమున మూస్ అను గ్రామము కలదు. 1884 ప్రాంతమున అక్కడ హా-చెవ్-కా అను బాలుడు జన్మించెను. తరువాతి కాలమున లోకము ఆయనను బిషప్ జాన్ రిచర్డ్‌సన్ అని ఎరిగినది.

1. నాటినవాడు ఒకడు

నికోబారు దీవులకు సువార్తికులు రాకపోలేదు. 1768లో మొరేవియను సహోదరులు తరంగంబాడినుండి వెళ్లి, ఇంచుమించు ఇరువది సంవత్సరములు అక్కడ పాటుపడిరి. జ్వరములచే వారిలో అనేకులు మరణించిరి. ప్రజల భాష వారికి చక్కగా పట్టుబడలేదు. తుదకు ఆ సేవ నిలిచిపోయెను.

శతాబ్దము గడచిన తరువాత, 1890 దశకములో, వేదప్పన్ సొలొమోను అను తమిళ క్రైస్తవుడు కార్ నికోబారునకు వచ్చెను. ఆయన ప్రభుత్వపు ఏజెంటుగా ఉద్యోగము చేయుచు, మూస్ గ్రామములో పిల్లలను చేరదీసి చదువు చెప్పెను. వారిలో కొందరిని బర్మాలోని మాండలే నగరమునందలి మిషను పాఠశాలకు పంపెను. హా-చెవ్-కా ఆ బాలురలో ఒకడు. 1909లో సొలొమోను గతించెను. తాను పంపిన బాలుడు ఉపాధ్యాయుడై తిరిగివచ్చుట ఆయన కన్నులు చూడలేదు. బోధించువాని పని ఇట్టిదే. తాను నాటిన చెట్టు నీడలో తాను కూర్చుండునను నిశ్చయము అతనికి లేదు.

2. తిరిగివచ్చినవాడు

ఆ దినములలో మన కోస్తా జిల్లాలనుండి వేలకొలది ప్రజలు కూలి నిమిత్తము ‘రంగము’ వెళ్లుచుండిరి. ఇంట తిండికి చాలనప్పుడు రంగూను ఓడయే వారికి దారి. బర్మా ఆనాడు సంపాదనకు పేరుపొందిన దేశము. అట్టి దేశమున చదువుకొనిన యువకుడు 1912లో ఆ నగరజీవితమును విడిచి, కొబ్బరికాయలే ధనముగా నున్న తన ద్వీపమునకు ఉపాధ్యాయుడుగాను ఉపదేశిగాను తిరిగివచ్చెను.

తిరిగివచ్చినవానికి రెండు శోధనలు ఎదురగును. మొదటిది, తాను చూచిన లోకముతో సొంత ఊరిని పోల్చి దానిని చులకన చేయుట. రెండవది, ఊరివారు నొచ్చుకొందురేమోయని తాను నేర్చినదంతయు మరుగుపరచి మౌనముగా నుండుట. నెహెమ్యా ఈ రెండింటిని తప్పించుకొనెను. యెరూషలేము చేరిన పిదప మూడు దినములు నిదానించి, రాత్రివేళ లేచి, పడిపోయిన ప్రాకారములను తన కన్నులతో చూచెను. పిమ్మట ప్రజలతో మాటలాడునప్పుడు వారి దురవస్థను తనదిగా చెప్పుకొనెను. ఆయన శూషను కోటనుండి వచ్చిన అధికారియే. అయినను ఆ నిందను వారితో పంచుకొనెను.

రిచర్డ్‌సన్ గారి పనియు ఈ రీతిగానే సాగెను. బడిలో అక్షరములు నేర్పెను. ఫుట్‌బాల్ ఆటను ద్వీపమునకు తెచ్చినవాడని ఆయనను నేటికిని స్మరించుదురు. వచ్చిన వెంటనే గొప్ప ఫలితములు కనబడలేదు. మొదటి మూడు దశాబ్దములలో సంఘము చిన్నదిగానే యుండెను. 1930 దశకములో ఆయన గురుపట్టము పొందెను. గురువను మాట బడికిని గుడికిని చెల్లునట్లు, ఆయన జీవితములో ఆ రెండు పనులు ఒకటే ఆయెను.

3. భాషను వెదకినవాడు

కార్ నికోబారు భాషకు లిపి లేదు. రోమను అక్షరములతో దానిని వ్రాయవలసి వచ్చెను. జార్జి వైట్‌హెడ్ అను మిషనెరీ ఆ భాషకు నిఘంటువు కూర్చి 1925లో ప్రచురించెను. రిచర్డ్‌సన్ గారు లేఖనములను తన జనుల మాటలోనికి తెచ్చుటకు దీర్ఘకాలము పాటుపడెను. క్రొత్త నిబంధన 1950లోను, సంపూర్ణ బైబిలు 1969లోను వెలువడెను.

ఈ పని ఎంత కష్టమో యోచించుడి. గోధుమ పొలము, గొఱ్ఱెల మంద, హిమము ఎన్నడును చూడని ద్వీపమది. అక్కడి ఆహారము కొబ్బరి, మొగలిజాతి చెట్ల పండు, చేప, పంది మాంసము. అట్టివారికి కాపరిని గూర్చి, కోతను గూర్చి చెప్పవలెనన్న, పొరుగుభాష నేర్చిన తెలివి మాత్రమే చాలదు. తల్లి ఒడిలో నేర్చిన మాటయు కావలెను. మొరేవియను సహోదరులకు లోపించినది భక్తి కాదు, త్యాగమును కాదు. తిరిగివచ్చిన స్వజనునికి వారికి లేనిది ఒకటి యుండెను: తన ప్రజలు నవ్వునదియు ఏడ్చునదియు అతడు ఎరుగును.

4. శ్రమలో నిలిచినవాడు

1942లో జపాను సైన్యము ఈ దీవులను ఆక్రమించెను. కార్ నికోబారులో విమానాశ్రయము కట్టుటకు ప్రజలచేత బలవంతముగా పని చేయించిరి. యుద్ధము ముగియుటకు కొద్ది కాలము ముందు, 1945లో, గూఢచారులను అనుమానముతో అనేకులను హింసించి చంపిరి. రిచర్డ్‌సన్ గారును బంధింపబడిరి. జపాను లొంగిపోవుటచేత ఆయన ప్రాణము దక్కెను.

తిరిగివచ్చుటలోని అసలు పరీక్ష ఇదియే. పరదేశియైన బోధకునికి అపాయకాలమున తిరిగిపోవుటకు వేరొక ఇల్లు కలదు. స్వజనుల మధ్యకు వచ్చినవానికి ఇల్లు అదే, సమాధి స్థలమును అదే. ప్రజలు ఆయన మాటలు ముప్పది సంవత్సరములు వినిరి. శ్రమదినమున ఆయన తమతోకూడ నిలుచుట చూచిరి. యుద్ధానంతరము కొద్ది సంవత్సరములలోనే ఆ ద్వీపవాసులలో అత్యధికులు సంఘములో చేరిరి.

1950లో ఆయన బిషప్పుగా అభిషేకింపబడెను. 1952లో మొదటి లోక్‌సభకు ఈ దీవుల పక్షమున నియమింపబడెను. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ పురస్కారములు ఆయనకు లభించెను. 1978లో ఆయన ప్రభువునందు నిద్రించెను. కార్ నికోబారులోని ఆసుపత్రి నేడు ఆయన పేరు వహించుచున్నది.

మనకు పాఠము

మన గ్రామ సంఘములు తమ బిడ్డలను చదువులకు పంపుచున్నవి. అప్పు చేసియైనను పంపుచున్నవి. చదివినవారు పట్టణములలోను పరదేశములలోను స్థిరపడుట పాపము కాదు. దేవుడు యోసేపును ఐగుప్తులోనే ఉంచెను. అయితే ప్రతివానికిని ఐగుప్తే నియమింపబడలేదు. ఊరి బడిలో ఉపాధ్యాయుని కుర్చీ ఖాళీగా నుండగా, ఆదివారపు బడికి చదువు చెప్పువారు లేక పిల్లలు చెదరిపోవుచుండగా, “నన్ను ఎక్కడికి పంపుదువు?” అని అడుగువాడు, “నేను బయలుదేరిన చోటికే పంపుదువా?” అనియు అడుగవలెను. తిరిగివచ్చిన బిడ్డను చూచి, “అక్కడ నిలువలేక వచ్చెను” అని పలుకు నాలుకలు ఊరిలో కలవు. ఆ మాట అతని కాళ్లకు సంకెల వంటిది. సంఘము దానిని పలుకకుండుట మాత్రమే గాక, వచ్చినవానికి చాప పరచి స్థలమియ్యవలెను.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. స్వస్థుడైన మనుష్యుని ప్రభువు తనతోకూడ ఎందుకు రానియ్యలేదు? అతడు వెళ్లినందున దెకపొలిలో ఏమి జరిగెను?

2. ప్రజలతో మాటలాడుటకు ముందు నెహెమ్యా ఏమి చేసెను? తిరిగివచ్చు ఉపాధ్యాయుడు దానినుండి ఏమి నేర్చుకొనవలెను?

3. మీ సంఘమునుండి చదువునకు వెళ్లినవారెవరు? వారు తిరిగివచ్చినయెడల చేయదగిన పనిని మీరు సిద్ధపరచితిరా?

ప్రార్థనాంశము: దీవులలోను, కొండ గ్రామములలోను, సముద్రతీర పల్లెలలోను ఒంటరిగా పనిచేయు ఉపాధ్యాయుల కొరకును, వారిని చదివించి పంపి, వారి ఫలమును చూడక గతించినవారి కుటుంబముల కొరకును ప్రార్థించుడి.