సముద్రతీరానికీ సెలవులు

మీ బడికి వేసవిలో సెలవులిస్తారు గదా! అలాగే ఒక సముద్రతీరానికి కూడా ఏటా రెండు నెలలు సెలవిస్తారంటే నమ్ముతారా?

థాయిలాండ్ దేశంలో ఫీ ఫీ లే అనే చిన్న దీవి ఉంది. దాని ఒడిలో ఉన్నదే మాయా బే అనే అఖాతం. చుట్టూ నిటారుగా సున్నపురాతి కొండలు, మధ్య తెల్లని ఇసుక, లోతు లేని నీరు. 2000లో వచ్చిన ‘ది బీచ్’ అనే హాలీవుడ్ సినిమాలో దీన్ని చూసి జనం ఎగబడ్డారు. 2018 నాటికి రోజుకు ఐదువేల మంది దాకా వచ్చేవారు. వారి వెంట మరపడవలు.

మనుషులు నడిచింది ఇసుక మీద. మరి నీటి అడుగున పగడాలు ఎందుకు చచ్చిపోయాయి?

పగడం చూడటానికి రాయిలా ఉంటుంది గాని, నిజానికి అది వేలాది చిన్న జంతువుల కాలనీ. ఒక్కొక్క జీవి తన చుట్టూ కాల్షియం కార్బొనేట్‌తో గూడు కట్టుకుంటుంది. దాని శరీరంలో కంటికి కనిపించని శైవలాలు కాపురముంటాయి. అవి ఎండను ఉపయోగించుకొని ఆహారం తయారుచేసి, ఇల్లిచ్చిన జంతువుకు పెడతాయి. పడవ లంగరు పడితే పగడం విరుగుతుంది. అది కంటికి కనిపించే నష్టం. అంతకంటె మోసకరమైనది మరొకటి ఉంది. మరపడవ పంకా అడుగునున్న ఇసుకను లేపుతుంది, నీరు మురికవుతుంది, ఎండ లోపలికి దిగదు. లేచిన ఇసుక చివరకు పగడం మీదే పేరుకుంటుంది. శైవలాలకు వెలుగు లేకపోతే జంతువుకు అన్నం లేదన్నమాట!

2018 జూన్‌లో ప్రభుత్వం అఖాతాన్ని మూసివేసింది. మొదట నాలుగు నెలలకే అన్నారు. అది చాలదని తేలి, గడువు పొడిగించారు. పర్యాటకుల మీద బతికే పడవవాళ్ళు గోల పెట్టారు. వాళ్ళ కష్టం వాళ్ళది. ఈలోగా విరిగిన పగడాల చోట కొత్త ముక్కలు నాటారు. కొమ్మలు వేసే కొన్ని పగడాలు ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. బండల్లా పెరిగేవాటికి సెంటీమీటరే గొప్ప. నాలుగు నెలలు ఏ మూలకు?

పగడాల కంటె ముందు తిరిగివచ్చినవి నల్లమొన రెక్కల సొరచేపలు. పడవల రొద తగ్గగానే లోతు తక్కువ నీటిలో గుంపులుగా తిరగసాగాయి. (భయపడకండి, ఇవి మనిషిని చూస్తే తప్పుకొనే రకం.)

2022 జనవరిలో అఖాతాన్ని మళ్ళీ తెరిచారు. ఒక్కసారి 375 మందికి మించి రాకూడదు, గంటకంటె ఎక్కువ ఉండకూడదు, ఈత కొట్టకూడదు అన్నారు. నా మటుకు నాకు వీటన్నిటి కంటె తెలివైనదిగా తోచిన నియమం వేరే ఉంది: పడవ అఖాతంలోకి రానే రాకూడదు. దీవి వెనుకవైపు తేలే వంతెన దగ్గర దిగి, చెక్కబాట మీద నడిచి రావాలి. మనుషులు వస్తారు, పంకాలు రావు!

ఇప్పుడు ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తీరానికి పూర్తి సెలవు. ఆ రెండు నెలలూ అక్కడ ఈదేది సొరచేపలే.