డిశ్చార్జ్ తేదీ చూసి లీవు రాయకండి

గర్భసంచి తీయించుకోబోయే ఉద్యోగినులు డాక్టరును మొదట అడిగేది, ఆసుపత్రిలో ఎన్నాళ్లుండాలని. ఆ జవాబును బట్టే లీవు లెటర్ రాసేస్తారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

పొట్ట కోసి చేస్తే సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులు ఉంచుతారు. ల్యాప్రోస్కోపీ అయినా, కింది నుంచి తీసినా ఒకటి రెండు రోజుల్లో పంపిస్తారు. తింటున్నారు, లేచి నడుస్తున్నారు, గొట్టం తీశాక మూత్రం మామూలుగా వస్తోంది, నొప్పి మాత్రలకు తగ్గుతోంది అంటే ఇక మంచం మీద ఉంచక్కర్లేదన్నమాట. డ్యూటీకి పనికొస్తారని మాత్రం కాదు. ల్యాప్రోస్కోపీలో పైకి చిన్న గాట్లే కనిపిస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లూ ఆఫీసువాళ్లూ తేలిగ్గా తీసుకుంటారు. లోపల గర్భసంచి తీసినచోట వేసిన కుట్లు మానడానికి వారాలు పడుతుంది. ఏ పద్ధతిలో చేసినా దాదాపు ఆరు వారాలు బరువులెత్తకూడదు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, చంటిబిడ్డ కూడా బరువులే. సెలవులో ఉన్న ఆడమనిషికి ఇంటిపని రెట్టింపు కావడం మన ఇళ్లలో మామూలే, అందుకే ఈ మాట డాక్టరు చేత భర్తకీ అత్తగారికీ చెప్పించండి.

మీ పనేమిటో డాక్టరుకు వివరంగా చెప్పండి. కుర్చీలో కూర్చునే పనైతే, ల్యాప్రోస్కోపీ తర్వాత మూడు నాలుగు వారాలకు ఒప్పుకోవచ్చు. బస్సు కండక్టరుకు, బట్టల షాపులో రోజంతా నిలబడే అమ్మాయికి అది చాలదు. పొట్ట కోస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఎన్ని వారాలు విశ్రాంతో డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఉద్యోగినులకు ఈ ఆపరేషన్‌కు 45 రోజుల స్పెషల్ క్యాజువల్ లీవు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన ఉత్తర్వు అది. సివిల్ సర్జన్ సిఫారసు కావాలి. సొంత సెలవులు ఖర్చు చేసుకునే ముందు దీన్ని అడగండి. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు, చందా షరతులు పూర్తయి ఉంటే, జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లేటట్టయితే సర్టిఫికెట్ సంగతి డిస్పెన్సరీలో ముందే కనుక్కోండి.

ఇంటికొచ్చాక జ్వరం వచ్చినా, దుర్వాసనతో తెలుపు అవుతున్నా, ప్యాడ్ తడిసిపోయేంత రక్తం పోతున్నా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా రివ్యూ తేదీ దాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఆ రాత్రే అయినా సరే.